లైనక్స్ డ్రైవర్లు, మూడో పాఠం: కెర్నెల్ మారగానే వైఫై ఎందుకు పోతుంది?

కిందటి పాఠంలో ఎల్ఎస్‌పీసీఐ కమాండుతో మన వైఫై చిప్ ఏదో, దాన్ని నడిపే డ్రైవర్ ఏదో చూశాం. బ్రాడ్‌కామ్ చిప్, డబ్ల్యూఎల్ డ్రైవర్ అని వచ్చినవాళ్లు ఈ పాఠం శ్రద్ధగా చదవండి. ఆ డ్రైవర్ కెర్నెల్‌తో (హార్డ్‌వేర్‌ని నడిపించే లైనక్స్ గుండెకాయ) పాటు రాదు, విడిగా వేసుకున్నది. ఇంటెల్ చిప్ ఉన్నవాళ్లకి మామూలుగా ఈ బెంగ లేదు, డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది.

విజయనగరం గంటస్తంభం దగ్గర డీటీపీ షాపు నడిపే తమ్ముడొకడు సిరిమాను పండగ ముందు ఫోన్ చేశాడు. ఫ్లెక్సీల పని నెత్తి మీద ఉంది. ఉబుంటు అప్‌డేట్ అయి రీస్టార్ట్ చేశాక వైఫై గుర్తే కనపడటం లేదట. "కార్డు గానీ కాలిపోనాదేటన్నా?" అన్నాడు. కార్డుకేమీ కాలేదు, అప్‌డేట్‌తో కెర్నెల్ మారింది, అంతే.

ప్రతి కెర్నెల్‌కీ లిబ్ ఫోల్డర్‌లో, మాడ్యూల్స్ కింద, తన వెర్షన్ పేరుతో సొంత ఫోల్డర్ ఉంటుంది. పాత కెర్నెల్‌కి కంపైల్ చేసిన (సోర్స్ కోడ్ నుంచి తయారుచేసిన) డ్రైవర్ పాత ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. కాపీ చేసి తెచ్చినా లాభం లేదు. మాడ్యూల్ (అంటే ఆ డ్రైవర్ ఫైలే) లోపల వెర్‌మ్యాజిక్ అనే గుర్తులో కెర్నెల్ వెర్షన్ రాసి ఉంటుంది, అది కలవకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి కాబట్టి ఈ కట్టుదిట్టం సబబే.

అంటే డ్రైవర్‌ని మళ్లీ కంపైల్ చెయ్యాలి. ఆ పని మన తరఫున చేసేది డీకేఎంఎస్, డెల్ ఇంజినీర్లు తయారుచేసిన పనిముట్టు. దానికి కావలసింది ఒక్కటే: కొత్త కెర్నెల్‌కి సరిపోయే హెడర్స్ ప్యాకేజీ, అంటే ఆ కెర్నెల్ లోపలి ఫంక్షన్ల వివరాలుండే ఫైళ్లు. ఆ షాపు సిస్టమ్‌లో లేనిది అదే.

ముందు టెన్షన్ పడకండి, పాత కెర్నెల్ డిస్కులోనే ఉంది. ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే ఏ కెర్నెల్‌తో మొదలుపెట్టాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత వెర్షన్ ఎంచుకుంటే వైఫై వచ్చేస్తుంది. ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టినా నెట్‌కి సరిపోతుంది. ఇప్పుడు 'లైనక్స్ హెడర్స్ జెనరిక్' ప్యాకేజీ వెయ్యండి. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దాని హెడర్స్‌ని వెంటబెట్టుకొచ్చే ప్యాకేజీ ఇది. హెడర్స్ దిగగానే డీకేఎంఎస్ తనంతట తనే కంపైల్ మొదలుపెడుతుంది.

రీస్టార్ట్ చేసే ముందు 'డీకేఎంఎస్ స్టేటస్' కొట్టి చూడండి. కొత్త వెర్షన్ పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని ఉండాలి. నా లెక్కలో ఈ పాఠం మొత్తానికి ఇదే ప్రాణం, ప్రతి అప్‌డేట్ తర్వాతా అలవాటు చేసుకోండి. లేకపోతే వార్ ఫోల్డర్‌లో, లిబ్ కింద డీకేఎంఎస్‌లో 'మేక్ డాట్ లాగ్' ఫైలు తెరిచి, మొట్టమొదటి 'ఎర్రర్' లైను చదవండి. తర్వాతవి చాలావరకు దాని పిల్లలే. ఫలానా ఫంక్షన్ లేదని ఉంటే డ్రైవర్ పాతబడిందన్నమాట, దాని కొత్త ప్యాకేజీ వచ్చేదాకా పాత కెర్నెల్ మీదే పని చేసుకోండి.

'ఇన్‌స్టాల్డ్' అనే ఉంది, అయినా 'కీ రిజెక్టెడ్' అంటూ డ్రైవర్ లోడ్ కావడం లేదా? అది సెక్యూర్ బూట్ వ్యవహారం, నాలుగో పాఠంలో చూద్దాం.