కుంటలోని నత్తల్లో జలగ పురుగులున్నాయా? ఇంట్లోనే ఇలా చూడండి

దేవరకొండ, కల్వకుర్తి వైపు చేన్లలో తవ్విన కుంటలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నీళ్లు నిలిస్తే చాలు, నత్తలు చేరతాయి. గొర్రెకు దవడ కింద వాపు దిగాక ‘జలగ పట్టింది’ అంటాం. కాళ్లకు అంటుకునే జలగ కాదిది, కార్జంలో ఉండే ఆకులాంటి చదును పురుగు. గొర్రెలోకి రాకముందు అది నత్తలోనే పెరుగుతుంది. అందుకే ముందు నత్తను చూడాలి.

రబ్బరు గ్లవ్స్, టీ జల్లెడ, గాజు గ్లాసులు, భూతద్దం, ఒక నల్లగుడ్డ తెచ్చుకోండి. గ్లవ్స్ తప్పనిసరి. పశువుల రక్తంలో ఉండే కొన్ని రకాల పురుగుల పిల్లలు మన చర్మంలోకీ దూరి దురద పెడతాయి.

పొద్దున్నే కుంట అంచున, మునిగిన గడ్డికి అంటుకున్నవాటిని ఏరండి. రెండు రకాలు ముఖ్యం. పల్చటి గుల్లతో మొన తేలినది లిమ్నియా, కార్జపు జలగను మోసేది ఇదే. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్నది ఇండోప్లానార్బిస్. కడుపు జలగలు, పశువులకు ముక్కులో గురక తెచ్చే పురుగు దీంట్లో పెరుగుతాయి. మూత ఉన్న పెద్ద గుల్లల్లోనూ వేరే పురుగులుంటాయి గానీ, గొర్రెల కోసమైతే వాటిని వదిలేయొచ్చు.

నత్తలను బోరు నీళ్లతో కడిగి, ఒక్కో గ్లాసులో ఒక్కటే వేయండి. మొదటిసారి నేను ఇరవై నత్తల్నీ ఒకే బకెట్లో వేశాను. పురుగులైతే కనిపించాయి, ఏ నత్తవో మాత్రం తేలలేదు! నల్లా నీళ్లు వద్దు, క్లోరిన్‌కు పురుగు పిల్లలు చస్తాయి. గ్లాసులను మూడు నాలుగు గంటలు వెలుతురులో ఉంచండి. మన ఎండాకాలంలో నేరుగా ఎండలో పెడితే నత్తలే ఉడికిపోతాయి, గోడ నీడే మేలు.

తర్వాత గ్లాసు వెనక నల్లగుడ్డ పట్టి భూతద్దంతో చూడండి. దుమ్ము రేణువుల్లా ఉండి, తోక ఆడిస్తూ ఎగిరి, ఆగి, మళ్లీ ఎగిరేవే సెర్కేరియాలు, అంటే నత్తలోంచి బయటికొచ్చిన పురుగు పిల్లలు. తోక చివర రెండుగా చీలితే అది రక్తంలో ఉండే రకం కావచ్చు. ఒంటి తోకతో, రెండు నల్లటి కంటి చుక్కలతో కాస్త పెద్దగా ఉంటే కడుపు జలగ అనుకోవచ్చు. కార్జపు జలగ పిల్ల ఇంకా చిత్రం. కాసేపటికే తోక వదిలేసి గ్లాసు గోడకు తెల్ల చుక్కలా అంటుకుంటుంది. బయట గడ్డి మీద చేసేదీ ఇదే, గొర్రె ఆ గడ్డినే మేస్తుంది.

ఎన్ని నత్తల్లో ఎన్నింటికి, ఏ రకం అని రాసుకోండి. ఏమీ రాకపోతే నత్త శుభ్రమని కాదు, లోపల ఇంకా ఎదుగుతుండొచ్చు. రెండు వారాలాగి మళ్లీ చూడండి.

పని అయ్యాక ఆ నీళ్లను, నత్తలను మరిగించి పారేయండి, కుంటలో వేయొద్దు. పురుగులు కనిపిస్తే పశువుల డాక్టరు దగ్గర పేడ పరీక్ష చేయించండి. నత్తలు చావడానికి మైలుతుత్తం చల్లమనేవాళ్లుంటారు, చేపలున్న కుంటలో ఆ పని చేయొద్దు. గొర్రెలను తడి అంచున మేపకుండా, నీళ్లు గట్టు మీది తొట్టిలోకి తోడి తాగించండి.