ప్లేట్‌లెట్ సంచిలో తేడా కనిపిస్తే: సమస్య - పరిష్కారం

డెంగీ కాలం మొదలైతే వరంగల్, హనుమకొండ బ్లడ్ బ్యాంకుల్లో ఎర్రరక్తం కన్నా, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాల కోసమే ఎక్కువ ఫోన్లు వస్తాయి. ఈ కణాలను 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆగకుండా మెల్లగా ఊపుతూ నిల్వ చేస్తే సాధారణంగా 5 రోజులు వాడుకోవచ్చు. అయితే ఆ 5 రోజులూ అవి మారుతూనే ఉంటాయి. ఆ మార్పు హద్దు దాటిందని ఎలా గుర్తించాలో, అప్పుడేం చేయాలో బ్లడ్ బ్యాంకు, వార్డు సిబ్బంది కోసం కింద వివరించడమైనది.

సమస్య: వెలుతురుకు పట్టి తిప్పినా సంచిలో మెరిసే సుడులు కనిపించడం లేదు

ఆరోగ్యంగా ఉన్న ప్లేట్‌లెట్ బల్లపరుపు బిళ్ళలా ఉండి కాంతిని చెదరగొడుతుంది కాబట్టి సుడి మెరుస్తుంది. గుండ్రంగా మారితే ఆ మెరుపు పోతుంది. దీనికి ముఖ్య కారణాలు రెండు. మొదటిది చలి: ఎర్రరక్తంతోపాటు ఫ్రిజ్‌లో పెట్టిన ప్లేట్‌లెట్ల ఆకారం చెడి, పైపొరలోని గ్రాహకాలు గుంపులుగా చేరడంతో, రోగికి ఎక్కించగానే కాలేయం వాటిని త్వరగా తొలగిస్తుంది. రెండవది ఆమ్లం: ఊపు ఆగినా, సంచులను ఒకదానిపై ఒకటి పేర్చినా, ప్లాస్టిక్ గోడ గుండా ఆక్సిజన్ సరిగా అందక, కణాలు గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చడం పెరిగి పీహెచ్ (ఆమ్లత కొలత; ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) పడిపోతుంది. అది 6.2 కన్నా తగ్గితే కణాలు మళ్ళీ కోలుకోవడం కష్టం.

ఆ సంచిని ఎక్కించకుండా పక్కన పెట్టి, ఉష్ణోగ్రత నమోదును, అజిటేటర్‌ను (సంచులను ఊపే యంత్రాన్ని) పరిశీలించాలి. సంచులను ఒకే వరుసలో పరచాలి, అజిటేటర్‌కు కరెంటు పోయినా ఆగని ఏర్పాటు ఉండాలి. భూపాలపల్లికో ములుగుకో పంపేటప్పుడు దారిలో కొన్ని గంటలు ఊపు లేకపోవడం పెద్ద ప్రమాదం కాదు. మే నెల ఎండ, దానికి విరుగుడని బంధువులు పెట్టెలో వేసే ఐసు ముక్కలు, ఈ రెండే అసలు ప్రమాదం. 20-24 డిగ్రీలకు తెచ్చిన జెల్ ప్యాకులున్న థర్మోకోల్ పెట్టె వాడాలి.

సమస్య: గడ్డలు, లేదా ఎర్రటి ఛాయ

తయారీ తర్వాత కనిపించే చిన్న గడ్డలు, సంచిని గంటసేపు కదపకుండా ఉంచి ఆపై ఊపితే చాలావరకు కరుగుతాయి, కరగకపోతే ఇవ్వరాదు. ఎర్రటి ఛాయ ఎర్రకణాలు కలిశాయనడానికి గుర్తు కాబట్టి, ఆర్‌హెచ్ నెగెటివ్ (రక్త గ్రూపు పేరులో నెగెటివ్ ఉన్న) స్త్రీలకు ఇచ్చే ముందు వైద్యునికి తెలపాలి.

సమస్య: ఎక్కిస్తుండగా చలి, జ్వరం

నిల్వలో తెల్లకణాలు విడుదల చేసిన పదార్థాల వల్ల కావచ్చు, గది ఉష్ణోగ్రతలో పెరిగిన బ్యాక్టీరియా వల్లా కావచ్చు. మంచం దగ్గర నిలబడి ఆ రెండింటినీ వేరు చేయడం సాధ్యం కాదు. వెంటనే ఆపి, సూదిని తీయకుండా సెలైన్ పెట్టి, వైద్యుని పిలిచి, రోగి రక్తాన్ని కల్చర్‌కు (బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్షకు), మిగిలిన సంచిని గొట్టంతో సహా బ్లడ్ బ్యాంకుకు పంపాలి.

సమస్య: ఎక్కించినా కౌంటు పెరగలేదు

ఒక ఆర్‌డీపీ సంచి (ఒక దాత ఇచ్చిన మామూలు రక్తం నుంచి వేరు చేసినది) పెద్దవారిలో ప్లేట్‌లెట్ కౌంటును సుమారు 5,000 నుంచి 10,000 వరకే పెంచుతుంది. ఎస్‌డీపీతో (యంత్రంతో ఒకే దాత నుంచి ఎక్కువ ప్లేట్‌లెట్లు సేకరించిన సంచితో) పోల్చి నిరాశపడనక్కర లేదు. మరునాటి ఉదయం కౌంటు ఒక్కటే చూస్తే కారణం తెలియదు. ఎక్కించిన గంటలోపు నమూనా తీయాలి. గంటలో పెరిగి మరునాటికి తగ్గితే జ్వరం, ఇన్ఫెక్షన్, రక్తస్రావం, పెరిగిన ప్లీహం వంటివి వెతకాలి. గంటలోనే పెరగకపోవడం పదేపదే జరిగితే హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలను (దాత కణాలపై ఉండే గుర్తులకు వ్యతిరేకంగా రోగి రక్తంలో తయారయ్యేవాటిని) అనుమానించి, ఏబీఓ రక్త గ్రూపు సరిపోయే తాజా సంచిని అడగాలి.