న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో ఘాట్, గ్లేసియర్, సముద్రం: బండి నడిపేవాళ్ళకి నా సలహాలు

ఆర్టీసీలో తిరుమల ఘాట్ డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి వాళ్ళు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటారు. అక్కడికి వచ్చే మనవాళ్ళలో చాలామంది కొండలు దాటి పడమటి తీరం వెంట వానాకా అనే ఊరి దాకా వెళ్ళాలనుకుంటారు. వాళ్ళకి ముందు చెప్పేది ఒకటే: మ్యాపులో కిలోమీటర్లు చూసి రోజులు వేసుకోవద్దు. హోకిటికా, ఫ్రాంజ్ జోసెఫ్, హాస్ట్, మూడు చోట్లా ఒక్కో రాత్రి ఆగండి.

అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే. వెనక నాలుగు బండ్లు చేరితే ఎడమ పక్క బే (రోడ్డు పక్కకి తప్పుకునే జాగా) కనిపించగానే తప్పుకుని దారివ్వండి.

73వ నంబరు హైవే మీద ఆర్థర్స్ పాస్ అనే కనుమ ఎత్తు 920 మీటర్లు. ఎక్కడం సులువే, దిగడంలోనే ఉంది పనంతా. పాస్ దాటాక ఒటిరా వయాడక్ట్ అనే పొడుగాటి వంతెన వస్తుంది. 1999లో తెరిచారు, 440 మీటర్ల పొడవు, లోయ మీదుగా బాగా వాలుగా దిగుతుంది. వాలు మొదలవకముందే గేర్ తగ్గించండి. ఆటోమేటిక్ బండిలోనూ లో గేరో, మాన్యువల్ మోడో ఉంటుంది. అదెలా వేయాలో బండి తీసుకునేటప్పుడే అడగండి. బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే లైనర్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. అంటే బ్రేకు పట్టు తప్పుతోందన్నమాట. జాగా చూసి ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి.

పాస్ దగ్గర కియా అనే కొండచిలుక ఉంటుంది. ఒళ్ళు ఆకుపచ్చ, రెక్క విప్పితే అడుగున నారింజ రంగు. బండి ఆగగానే పైకెక్కి వైపర్ రబ్బరు, డోర్ బీడింగ్ ముక్కుతో పీకేస్తుంది. ఒకరు బండి దగ్గరే ఉండండి. తిండి మాత్రం పెట్టొద్దు, దానికి హాని.

తీరం వెంట ఆరో నంబరు హైవే మీద ఒక్క బండి పట్టే వంతెనలు చాలా ఉన్నాయి. నీలం పలక మీద పెద్ద తెల్ల బాణం ఉంటే దారి మీది. ఎర్ర అంచు గుండ్రటి పలక ఉంటే ఎదుటి నుంచి వచ్చే బండి దాటేదాకా ఆగాలి. అనుమానమొస్తే ఆగిపోవడమే మంచిది.

ఫ్రాంజ్ జోసెఫ్, ఫాక్స్ గ్లేసియర్లు (కొండల మీంచి దిగే మంచు నదులు) రెండూ బాగా వెనక్కి తగ్గిపోయాయి. చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. ఒకప్పుడు జనం మంచు దాకా నడిచే వెళ్ళేవారు, ఇప్పుడు దాని మీద కాలు పెట్టాలంటే హెలికాప్టరే. సముద్రపు తేమగాలి కొండలకి తగిలి అక్కడ వాన కుండపోతగా కురుస్తుంది, మబ్బు కమ్మితే హెలికాప్టర్ లేవదు. అందుకే పొద్దున్నే మొదటి ట్రిప్పు బుక్ చేసుకుని, మర్నాడు కూడా ఖాళీ ఉంచుకోండి. ఫాక్స్ ఊరి పక్కన మాథెసన్ చెరువుకి గాలి లేవకముందే వెళ్తే ఆవోరాకి (మౌంట్ కుక్) శిఖరం నీళ్ళలో కనిపిస్తుంది.

ఫాక్స్‌లో ట్యాంకు నింపాకే కదలండి. హాస్ట్ దాకా దాదాపు 120 కిలోమీటర్లు, మధ్యలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో నైట్స్ పాయింట్ దగ్గర దిగి సముద్రాన్ని చూడండి, ఈ రోడ్డు 1965లో తెరుచుకుంది. షిప్ క్రీక్‌లో శాండ్‌ఫ్లైలు అనే చిన్న కుట్టే ఈగలు పీక్కుతింటాయి, ఫుల్ చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి.

హాస్ట్ నుంచి వానాకాకి బయలుదేరే పొద్దున రోడ్డు తెరిచి ఉందో లేదో మోటెల్ వాళ్ళని అడగండి. పెద్ద వానకి కొండచరియలు విరిగి రోడ్డు మూసేస్తుంటారు. వానాకా గది క్యాన్సిల్ చేసుకోవడానికి వీలున్నదే తీసుకోండి.