తొలకరికి ముందు: మందు నీరు కాలువలోకి వదలకండి

ప్రపంచంలోని ఉభయచర జాతుల్లో, అంటే కప్పల వంటి నీటిలోనూ నేల మీదా బతికే జీవుల్లో, దాదాపు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని 2023లో 'నేచర్' పత్రిక ప్రచురించిన అధ్యయనం చెప్పింది. కుంటలు పూడిపోవడం, ఎండలు ముదరడం, చర్మాన్ని తినేసే బూజు జబ్బు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు మన చేతిలో లేవు. పొలం తూము మాత్రం మన చేతిలోనే ఉంది.

చాలామంది చేసే తప్పు ఒకటి: పురుగుమందు గుళికలు చల్లిన మడి నీటిని రెండో రోజే బోదెలోకి, అంటే పక్కనున్న చిన్న కాలువలోకి, వదిలేయడం. తొలి వానలు పడగానే బోదురుకప్పలు బయటికి వస్తాయి. మగవి పసుపుపచ్చగా మారి, గొంతు సంచులు ఉబ్బించి అరుస్తాయి. గుడ్లు పెట్టేది ఆ లోతులేని నీటిలోనే. తోకకప్పలు కొన్ని వారాలపాటు అక్కడే పెరగాలి. వాటి చర్మం చాలా పలచన, నీటిలో ఏముంటే అది లోపలికి పోతుంది. మందు నీరు దిగువకు చేరిన మర్నాడు బోదెలో అవి పొట్టలు పైకి తేలి కనిపించవచ్చు. మన మడిలో చచ్చిన పురుగులనే లెక్కపెట్టుకుంటాం, దిగువకు వెళ్లి చూసేవాళ్లు తక్కువ.

అందుకే గుళికలు వేసే ముందే గట్లకు ఎండ్రకాయల బొరియలు, గండ్లు ఉంటే పూడ్చండి. మందు వేశాక కనీసం వారం రోజులు తూము తెరవకండి. భారీ వాన సూచన ఉంటే ఆ రోజు మందే వేయకండి, ఎందుకంటే గట్టు పొర్లితే తూము మూసినా లాభం లేదు.

స్ప్రేయర్ ట్యాంకును కుంటలో కడగకండి. మూడుసార్లు కడిగి, ఆ నీటిని మందు కొట్టిన చేలోనే చల్లండి. ఖాళీ డబ్బా కాలువలో పడేయకండి. ఫోరేట్ అనే పురుగుమందు గుళికలపై 2020 చివరి నుంచి దేశంలో నిషేధం ఉంది. పాత సంచి ఇంట్లో మిగిలిందని చల్లకండి. కొన్ని గ్లైఫోసేట్ కలుపు మందుల్లో ఆకుకు అంటుకోవడానికి కలిపే పదార్థం తోకకప్పలను చంపుతుంది, కాబట్టి నీటి అంచున కలుపు మందు వద్దు, కొడవలి పట్టండి. గట్టు మీది గడ్డిని మొత్తం తగలబెట్టకండి. చేను మూలనున్న చిన్న కుంటను పూడ్చకండి. దోమల కోసమని అందులో కిరసనాయిలు పోయకండి. కౌలుకిచ్చిన పొలమైతే కౌలుదారుకూ, కూలికి వచ్చి మందు కొట్టే మనిషికీ ఇదంతా ముందే చెప్పండి. తూము మూసి ఉందో లేదో మీరే వెళ్లి చూడండి. మందు నీరు కాలువలోకి వదలకండి.