పప్పు పైరు పాలిపోతోందా? యూరియాకు ముందు వేరు తవ్వి చూడండి

పప్పుజాతి పైరు పసుపు తిరగగానే యూరియా చల్లేయడం చాలామందికి అలవాటు. కొద్ది రోజుల్లో ఆకు పచ్చబడుతుంది కాబట్టి మందు పనిచేసిందనే అనిపిస్తుంది. కానీ జబ్బు వేరు దగ్గరే ఉంటుంది, పైగా ముదురుతుంది. కంది, పెసర, మినుము, అలసంద, వేరుశనగ, శనగ, సోయాచిక్కుడు వంటి పంటల వేళ్లలో రైజోబియం వర్గపు బ్యాక్టీరియా బుడిపెలు కట్టించి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. ఆ పని ఎక్కడ ఆగిందో ఆకు చెప్పదు, బుడిపె చెబుతుంది.

ఎలా చూడాలి?

మొలకెత్తిన నాలుగైదు వారాలకు, పూత మొదలయ్యే ముందు చూడటం మంచిది. మొక్కను పట్టుకుని పీకవద్దు. పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, అసలు లేవని పొరబడతాం. కాండానికి జానెడు దూరంలో పార దించి పెళ్లతో సహా పైకెత్తండి. బకెట్ నీళ్లలో నాననిచ్చి, మట్టి దానంతటదే జారిపోయాక వేళ్లు పరిశీలించండి. పైరు బాగున్న చోట కొన్ని మొక్కలు, పాలిపోయిన చోట కొన్ని తీసి పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది.

తర్వాత బుడిపెను గోటితోగాని బ్లేడుతోగాని చీల్చండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే బ్యాక్టీరియా పనిలో ఉన్నట్లే. ఆ రంగు మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్‌ది. నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే అది చెడిపోతుంది, బ్యాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. ఈ రెండింటి మధ్య కొద్దికొద్దిగా, అవసరమైనంతే ఆక్సిజన్ అందించేది ఆ ఎర్రటి పదార్థమే. అది లేని బుడిపె ఎంత పెద్దదైనా మొక్కకు ఒరిగేదేమీ లేదు.

బుడిపెలు ఎర్రగానే ఉన్నాయి, ఆకు మాత్రం పసుపు

ఇది నత్రజని లోపం కాకపోవచ్చు. నత్రజని చాలకపోతే కింది ముదురాకులు ముందు పాలిపోతాయి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగలో ఇది తరచూ కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధితో రెండుసార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది. లేత ఆకు ఈనెలతో సహా ఒకే తీరుగా పాలిపోతే గంధకం లోపాన్ని అనుమానించాలి.

బుడిపెలే లేవు, లేదా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, కారణాలూ ఎక్కువే.

మొదటిది, ఆ పంటకు తగిన బ్యాక్టీరియా నేలలో లేకపోవడం. జర్మన్ శాస్త్రవేత్తలు హెల్రీగెల్, విల్‌ఫార్త్ 1888లో ప్రచురించిన ప్రయోగాల్లో, సూక్ష్మజీవులు లేని ఇసుకలో నత్రజని ఎరువు ఇవ్వకుండా పెంచిన బఠాణీ మొక్కలు గిడసబారాయి. పొలం మట్టి కలిపిన నీళ్లు కొద్దిగా పోస్తే తేరుకున్నాయి. అయితే ఏ మట్టి అయినా సరిపోదు. అలసంద, పెసర, మినుము, కంది, వేరుశనగలకు ఉష్ణ ప్రాంతపు నేలల్లో చాలాచోట్ల ఉండే బ్రాడీరైజోబియం రకాలు సరిపోతాయి. శనగకు మీసోరైజోబియం కావాలి. సోయాకు సాధారణంగా బ్రాడీరైజోబియం జపోనికం కావాలి, సోయా ఎన్నడూ వేయని నేలలో అది ఉండకపోవడమే ఎక్కువ. అందుకే విత్తనానికి పట్టించడానికి అమ్మే ఈ బ్యాక్టీరియా పొడిని, అంటే కల్చర్‌ను, ప్యాకెట్ మీద పంట పేరు చూడకుండా కొనవద్దు.

రెండోది, కల్చర్ పట్టించినా అది చచ్చిపోవడం. ఆ ప్యాకెట్‌లో ఉన్నవి ప్రాణమున్న జీవులన్న సంగతి మరిచిపోతున్నాం. గడువు దాటినా, ఎండలో ఉంచినా, ఎరువు బస్తాల పక్కన వేడికి మగ్గినా అందులో మిగిలేది పొడే. విత్తనశుద్ధిలో వరుస కూడా ముఖ్యం: ముందు శిలీంద్రనాశిని, తర్వాత పురుగుమందు, అవి బాగా ఆరాక చివరగా రైజోబియం. కాప్టాన్ వంటి మందులు ఈ బ్యాక్టీరియాకు హాని చేస్తాయి కాబట్టి కల్చర్‌ను, మందును ఒకే గిన్నెలో కలపడం కూడదు. కాచి చల్లార్చిన పది శాతం బెల్లం నీళ్లలో కల్చర్ కలిపి, గింజ పొట్టు ఊడకుండా మెల్లగా పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు పదునున్న నేలలో విత్తాలి. పొడి దుక్కిలో విత్తి వాన కోసం ఎదురుచూస్తే గింజ మీది బ్యాక్టీరియాలో చాలా భాగం చనిపోతుంది.

మూడోది, నత్రజని ఎక్కువ కావడం. నేలలో నైట్రేటు దండిగా దొరుకుతుంటే మొక్క బుడిపెలు కట్టదు. బ్యాక్టీరియాను పోషించడానికి తన చక్కెరలు ఖర్చు చేయాలి కదా, సులువుగా దొరికేది ఉండగా ఆ ఖర్చు పెట్టుకోదు. యూరియా మీద నాకున్న అభ్యంతరమూ ఇదే. పప్పు పంటలకు మొదట్లో హెక్టారుకు 20 కిలోల నత్రజని సాధారణంగా చాలు. రాజ్మా మాత్రం బుడిపెల మీద పెద్దగా ఆధారపడలేని పంట, దానికి ఎరువు ఎక్కువే కావాలి.

ఇవేవీ కాకపోతే నేల పరీక్ష చేయించండి. నేల పులుపును చెప్పే పీహెచ్ అంకె 5.5 కన్నా తగ్గితే, అంటే నేల బాగా ఆమ్లమైతే, బ్యాక్టీరియా బతకడం కష్టం, వేరు మీద అల్యూమినియం విషప్రభావం కూడా మొదలవుతుంది. పరీక్షలో చెప్పిన మోతాదులో సున్నం వేసి కలియదున్నాలి. భాస్వరం లోపమున్నా బుడిపెలు తక్కువగా, చిన్నవిగా ఉంటాయి.

బుడిపెలు చాలానే ఉన్నాయి, లోపల తెలుపు

మరీ లేత మొక్క అయితే వారం ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తెలుపే అయితే, నేలలో ముందునుంచీ ఉన్న చేతకాని రకాలు చోటు ఆక్రమించాయని అర్థం. పిల్లవేళ్ల మీద చిన్న చిన్న తెల్లటి బుడిపెలు చెదురుమదురుగా ఉండటం దీని గుర్తు. మంచి కల్చర్ తల్లివేరు పైభాగంలో, కాండానికి దగ్గరగా పెద్ద బుడిపెలు కట్టిస్తుంది. వచ్చే పంటకు తాజా కల్చర్‌ను నిండు మోతాదులో పట్టించడమే దారి. నేల ఆమ్లమైతే మాలిబ్డినం లోపం కూడా కారణం కావచ్చు. నత్రజనిని పట్టే ఎంజైములో ఆ లోహం ఒక భాగం. సున్నం వేస్తే నేలలోని మాలిబ్డినం వేరుకు అందుబాటులోకి వస్తుంది.

లోపల ఆకుపచ్చ, లేదా గోధుమ రంగు

గింజ కట్టే దశలో ఇది సహజం, బుడిపె ముసలిదైంది. పూతకు ముందే అలా ఉంటే బెట్టగాని, నీరు నిలవడంగాని కారణం. నిలిచిన నీటిలో బుడిపెకు గాలి అందదు. వెంటనే కాలువ తీసి నీరు బయటికి పంపండి. మెత్తగా నల్లబడి కుళ్లినవి తిరిగి కోలుకోవు.

ఊడిరాని బుడిపెలు

వేలితో రుద్దితే అసలు బుడిపె వేరు పక్కనుంచి ఊడి వస్తుంది. ఊడకుండా వేరు తానే ఉబ్బినట్టుంటే అది నులిపురుగుల పని. దానికి కల్చర్ మందు కాదు. నులిపురుగులు ఆశించని పంటతో మార్పిడి చేయాలి, వేసవిలో లోతుగా దున్ని నేలను ఎండబెట్టాలి.

పైరు నిలబడి ఉండగా బుడిపెలు లేవని తేలితే, ఆ పంట వరకు నత్రజని ఎరువు తప్పదు. ఇప్పుడు కల్చర్ చల్లినా ఫలితం తక్కువే. వచ్చే పంటలో కల్చర్ పట్టించేటప్పుడు రెండు సాళ్లకు పట్టించని విత్తనం వేయండి. వాటిని ముందే విత్తేస్తే పట్టించిన గింజల బ్యాక్టీరియా అంటదు. నెల దాటాక రెండు చోట్లా తవ్వి చూడండి. బుడిపెలు, వాటి లోపలి ఎరుపు ఒకేలా ఉంటే మీ నేలలో ఉన్న బ్యాక్టీరియానే ఆ పంటకు సరిపోతున్నట్లు. తేడా కనిపిస్తే ఆ పంట వేసేటప్పుడు కల్చర్ మానవద్దు.