యాదృచ్ఛిక నమూనాలు, ప్రజారోగ్యం – 4వ పాఠం: కేసులు లేని ఇళ్లు

వానలు పడి నేలబావిలోకి మురుగు చేరినప్పుడు మన శ్రీకాకుళం పల్లెల్లో అతిసారం ప్రబలితే, ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఎవరింట్లో ఎంతమందికి విరేచనాలు పట్టుకున్నాయో రాసుకుంటుంది. ఆ కాగితంలో చాలావరకు సున్నాలే ఉంటాయి. కేసులున్న ఇళ్లను లెక్కించి సున్నాలను పక్కన పెట్టడం అలవాటే గాని, ఈ పాఠం ఆ సున్నాల గురించే. గత పాఠంలోని పాయిజాన్ విభాజనం ఇక్కడ అక్కరకు వస్తుంది: ఇంటికి సగటున ఎన్ని కేసులో తెలిస్తే, సున్నా, ఒకటి, రెండు కేసులు ఎన్నేసి ఇళ్లలో ఉండాలో చెప్పే సూత్రం అది.

సున్నా ఇళ్లను ఇలా పరిశీలించే లెక్కను 1926లో ప్రచురించినవాడు ఆండర్సన్ గ్రే మెకెండ్రిక్. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు, కసౌలీ పాశ్చర్ సంస్థకు డైరెక్టరుగా పనిచేసి 1920లో ఎడిన్‌బరో చేరాడు. ఆయనను గణితం వైపు ప్రోత్సహించినవాడు, 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్. మెకెండ్రిక్ తీసుకున్నది మన దేశంలోని ఒక ఊరి కలరా లెక్క. మొత్తం 223 ఇళ్లలో 168 ఇళ్లలో ఒక్క కేసూ లేదు. 32 ఇళ్లలో ఒక్కటి, 16 ఇళ్లలో రెండు, 6 ఇళ్లలో మూడు, ఒక ఇంట్లో నాలుగు కేసులు.

మొత్తం కేసులు 86. వీటిని 223 ఇళ్లకూ పంచితే సగటు 0.386 వస్తుంది. ఆ సగటుతో పాయిజాన్ సూత్రం ప్రకారం ఒక్క కేసు ఉన్న ఇళ్లు 58 దాకా ఉండాలి, మూడు కేసుల ఇళ్లు ఒకటో రెండో ఉండాలి. ఉన్నవి 32, 6. నమూనా సరిపోలేదు, ఎందుకంటే ఊరంతటికీ రోగం సోకే అవకాశం సమానమని మనం అనుకున్నాం. సున్నా ఇళ్లలో రెండు రకాలున్నాయి: రోగకారక నీరు తాగినా తప్పించుకున్నవి, ఆ నీటి జోలికే పోనివి.

మొదటి రకం ఎన్నో తెలుసుకోవడానికి ఒక చక్కని మార్గం ఉంది. సగటు మ అయిన పాయిజాన్ విభాజనంలో కేసుల వర్గాల (ఒక్కో ఇంటి కేసుల సంఖ్యను దానితోనే గుణించగా వచ్చినవాటి) సగటు నుంచి కేసుల సగటును తీసివేస్తే సరిగ్గా మ వర్గం మిగులుతుంది. అందుచేత కేసుల మొత్తాన్ని వర్గం చేసి, దాన్ని వర్గాల మొత్తానికీ కేసుల మొత్తానికీ ఉన్న తేడాతో భాగిస్తే, రోగానికి గురికాగల ఇళ్ల సంఖ్య వస్తుంది. సున్నా ఇళ్లు ఈ రెండు మొత్తాల్లో దేనికీ ఏమీ చేర్చవు కాబట్టి అవి ఎన్ని ఉన్నాయో తెలియకపోయినా ఫరవాలేదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. ఇక్కడ వర్గాల మొత్తం 32, 64, 54, 16 కలిపి 166. తేడా 80. 86 వర్గం 7396; దాన్ని 80తో భాగిస్తే 92.45. సగటు 0.93 అవుతుంది. ఇప్పుడు సూత్రం చెప్పే ఇళ్లు వరుసగా 34, 16, 5, 1. ఊరి లెక్కకు ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి. ఆ 92 ఇళ్ల నుంచి కేసులున్న 55 ఇళ్లను తీసివేస్తే, 168 సున్నా ఇళ్లలో సుమారు 37 మాత్రమే తప్పించుకున్నవి; మిగతావి బహుశా వేరే బావి నీళ్లు తాగాయి.

ఆ ఇళ్లు ఏవో, ఆ బావి ఏదో లెక్క చెప్పదు. ఏ వీధివాళ్లు ఎక్కడ నీళ్లు తోడుకుంటారో నడిచి వెళ్లి అడగాల్సిందే. పైగా ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటే ఒకే ఇంట్లో కేసులు పోగుపడి, వర్గాల మొత్తం పెరిగి, జవాబు ఉండవలసినదానికన్నా తక్కువగా వస్తుంది. ఉద్దానం మూత్రపిండాల వ్యాధికి ఈ సూత్రాన్ని వాడకండి: అది ఏళ్ల తరబడి ముదిరే జబ్బు, దాని కారణం ఇంకా తేలలేదు, ఒక్కసారిగా ఒక బావి నుంచి సోకేది కాదు.

అభ్యాసానికి కొన్ని కల్పిత అంకెలు ఇస్తున్నాను. 150 ఇళ్ల ఊళ్లో 20 ఇళ్లలో ఒక్కొక్క కేసు, 10 ఇళ్లలో రెండేసి, 4 ఇళ్లలో మూడేసి. మీ జవాబు 61కి దగ్గరగా రావాలి; తప్పించుకున్న ఇళ్లు ఎన్నో కూడా కట్టండి. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి సోకే గొలుసును వచ్చే పాఠంలో లెక్కలోకి తెద్దాం.