కోకర్ హీటర్ ట్యూబులు అడుగంటకుండా ఉండాలంటే

చిత్తూరు పల్లెల్లో బెల్లం వండేటప్పుడు, పాకం ముదిరే వేళ తెడ్డు ఆపితే చాలు, పెనం అడుగు మాడిపోతుంది. పైన పాకం బాగానే కనిపిస్తుంది. రిఫైనరీలో మిగిలిన బరువైన నూనెను వేడిచేసి, తేలిక నూనెలుగా, కోకు అనే బొగ్గులాంటి గట్టి పదార్థంగా విడగొట్టే డిలేడ్ కోకర్ హీటర్‌లో జరిగేదీ ఇదే. హీటర్ దాటే నూనె సుమారు 500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, ట్యూబు గోడకు అంటుకున్న పలుచని పొర అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. కోకు పట్టేది అక్కడే. తిరుపతిలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి రిఫైనరీలో చేరే పిల్లలు ముందు ఆ పొర గురించే ఆలోచించాలి.

మొదట ఫీడ్, అంటే హీటర్‌లోకి వచ్చే నూనె, చూడండి. ఉప్పు తీసే డీసాల్టర్ తర్వాత క్రూడ్‌లో కలిపే కాస్టిక్ సోడా తాలూకు సోడియం చివరికి కోకర్‌కు వచ్చే వ్యాక్యూమ్ రెసిడ్యూలోనే (స్వేదనంలో అడుగున మిగిలే నూనె) తేలుతుంది, కోకు పట్టడాన్ని తొందరపెడుతుంది. సోడియాన్ని 15 పీపీఎం (పది లక్షల్లో 15 భాగాలు) దాటనివ్వకండి. రిఫైనరీలో పోగయ్యే తేలిక స్లాప్ ఆయిల్‌ను ఒక్కసారిగా కలిపితే తారులాంటి బరువైన ఆస్ఫాల్టీన్లు విడిపోయి గోడకు చేరతాయి.

ఇక ట్యూబుల్లో నూనె వేగం. చల్లని నూనె లెక్కన సెకనుకు 1.8 మీటర్లకు తగ్గకూడదు. ఫీడ్ తగ్గించినప్పుడు వేగం కోసం నూనెతో పాటు పంపే వెలాసిటీ స్టీమ్ పెంచాలి. చాలాచోట్ల మరిచిపోయేది ఇదే. ఛార్జ్ పంపు ట్రిప్ అయితే వెంటనే మంట తీసేసి కాయిల్‌లోకి స్టీమ్ వదలాలి. నిలిచిన నూనె నిమిషాల్లో గట్టిపడుతుంది.

ట్యూబు గోడ వేడిని కొలిచే స్కిన్ థర్మోకపుల్ అంకె ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. ఒక్క పాయింటే ఎగబాకితే మంట ట్యూబును నాకుతోందేమో పీప్‌హోల్ లోంచి చూడండి, బర్నర్ టిప్పులు శుభ్రం చేయించండి. అక్కడ మంట సరిగా ఉంటే థర్మోకపులే ఊడి ఉండొచ్చు. ఫీడ్, అవుట్‌లెట్ ఉష్ణోగ్రత మారకుండానే ఒక పాస్‌లోని (నూనె పారే ఒక ట్యూబుల దారి) పాయింట్లన్నీ రోజురోజుకూ పెరుగుతూ, ప్రెజర్ డ్రాప్ కూడా పెరిగితే అది కోకే.

కోకు పొర పలుచగా ఉన్నప్పుడే ఆన్‌లైన్ స్పాలింగ్ (హీటర్ మొత్తం ఆపకుండానే కోకు రాల్చడం) చేయాలి. ఒక పాస్‌లో నూనె ఆపి, స్టీమ్ పంపుతూ ఉష్ణోగ్రతను పెంచి తగ్గిస్తే, లోహం, కోకు వేర్వేరుగా సాగి కుంచించుకోవడంతో పెచ్చులు రాలి హీటర్ తర్వాత ఉండే కోకు డ్రమ్‌లోకి పోతాయి. తొందరపడితే పెద్ద పెచ్చులు ట్యూబు మలుపైన రిటర్న్ బెండ్‌లో ఇరుక్కుంటాయి. సోడియం ఉప్పుల పొర దీనికి సరిగా లొంగదు, దానికి ట్యూబులో గీకే ముక్కను నీటితో నడిపే పిగ్గింగే దారి.

డ్రమ్ పై లైనునూ వదలొద్దు. నూనె ఆవిరి బయటికొచ్చిన చోటే దాన్ని చల్లబరిచే క్వెంచ్ ఆయిల్ పడాలి, లేకుంటే ఆ లైనూ పూడుకుపోతుంది. నురుగు పైకెక్కకుండా సిలికోన్ యాంటీఫోమ్ వాడండి, కానీ అవసరమైనంతే. ఎక్కువైతే ఆ సిలికాన్ నాఫ్తా అనే తేలిక నూనెతో వెళ్లి, దాన్ని శుద్ధిచేసే హైడ్రోట్రీటర్ క్యాటలిస్ట్‌ను చంపేస్తుంది.